అక్కడ బి-ఫారం ఎవరిస్తారు?

అమెరికా ప్రెసిడెంట్ ఎన్నిక మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగినప్పుడు నాలుగైదు ఉత్తరాలు వస్తాయేమో అనుకున్నాను, బల్ల నిండిపోయింది. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. చెన్నైలో నాకు తెలిసిన తెలుగు ఇళ్ళలో చాలావాటికి న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఒక కొడుకో కూతురో ఉన్నారు. అక్కడ వీసా రూలు ఒకటి మారితే ఇక్కడ జెమిని ఫ్లైఓవర్ పక్కన కాన్సులేట్ గేటు ముందు ఫైలు పట్టుకుని నిలబడేది మన పిల్లలే, రాత్రి నిద్ర పట్టక టెన్షన్ పడేది మనమే. అందుకే ఈసారి పేజీలన్నీ ఈ ఒక్క విషయానికే ఇచ్చాను. ఒకే ప్రశ్న పదిమంది అడిగినచోట ఒకరి ఉత్తరమే తీసుకున్నాను. పేర్లు వేయలేదు, ఏ పేట నుంచి రాశారో మాత్రం వేశాను.

ప్రశ్న (గిండీ, ఇంజినీరింగ్ విద్యార్థి): సార్, మన దగ్గర టికెట్ కావాలంటే పార్టీ పెద్దల చుట్టూ తిరగాలి, చివరికి బి-ఫారం చేతికొస్తేనే అభ్యర్థి. అమెరికాలో ట్రంప్‌కి, బైడెన్‌కి బి-ఫారం ఎవరిచ్చారు? ప్రైమరీలంటారు, కాకస్‌లంటారు, డెలిగేట్లంటారు, ఎంత చదివినా తికమకగానే ఉంది.

జవాబు: అక్కడ బి-ఫారం ఇచ్చేది ఓటర్లే. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతా తికమక చాలావరకు విడిపోతుంది.

ముందు అక్కడ పార్టీ అంటే ఏమిటో చూడండి. మన పార్టీలకు సభ్యత్వ నమోదు ఉంటుంది, రసీదు పుస్తకాలుంటాయి, జిల్లా అధ్యక్షుడు, ఆ పైన అధిష్ఠానం ఉంటాయి. అక్కడ చాలా రాష్ట్రాల్లో మామూలు మనిషి ఓటరుగా పేరు నమోదు చేయించుకునేటప్పుడే నేను డెమోక్రాట్‌ని, లేదా రిపబ్లికన్‌ని, లేదా ఏ పార్టీకీ చెందను అని ఫారంలో రాసేస్తాడు. పార్టీవాడు కావడానికి అది చాలు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో అదీ లేదు, పోలింగ్ రోజున వెళ్ళి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పి తీసుకోవడమే. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో మాత్రం ఆ పార్టీ కింద ముందే నమోదై ఉన్నవాళ్ళకే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు.

ప్రైమరీ అంటే నిజం ఎన్నికలాగే ఉంటుంది. పోలింగ్ కేంద్రం, రహస్య ఓటు, లెక్కింపు అన్నీ ఉంటాయి, మామూలుగా ప్రభుత్వ యంత్రాంగమే నడుపుతుంది. తేడా ఒకటే, ఒకే పార్టీలోని ఆశావహులు ఒకరి మీద ఒకరు పోటీ పడతారు. కాకస్‌ను పార్టీ తానే నడుపుకుంటుంది. స్కూల్లోనో చర్చిలోనో ఒక సాయంత్రం ఆ చుట్టుపక్కల వాళ్ళంతా కూడి, ఫలానా అభ్యర్థి ఎందుకు మంచివాడో ఒకరికొకరు చెప్పుకుని, అక్కడే తేల్చుకుంటారు. అయోవా రాష్ట్రం కాకస్‌కి పేరు మోసింది. 2024 జనవరి 15న గడ్డ కట్టే చలిలో అక్కడి రిపబ్లికన్లు బయటికొచ్చి చీటీల మీద పేర్లు రాసి వేశారు, ట్రంప్ గెలిచాడు, మన కేరళ మూలాలున్న వివేక్ రామస్వామి నాలుగో స్థానంలో నిలిచి ఆ రాత్రే పోటీ నుంచి తప్పుకున్నాడు.

ఈ ఓట్లతో నేరుగా అభ్యర్థి తేలడు, డెలిగేట్లు తేలతారు. ఒక్కో రాష్ట్రానికి ఇంతమంది ప్రతినిధులని పార్టీ ముందే లెక్క కడుతుంది. 2024లో రిపబ్లికన్లకు మొత్తం 2,429 మంది, అందులో 1,215 మందిని గెలుచుకున్నవాడే అభ్యర్థి. డెమోక్రాట్లు ఓట్ల నిష్పత్తిని బట్టి పంచుతారు, 15 శాతం దాటనివాడికి ఏమీ రాదు. రిపబ్లికన్లలో రాష్ట్రానికో పద్ధతి, కొన్నిచోట్ల మొదట వచ్చినవాడికే మొత్తం. ఇదంతా జనవరి నుంచి జూన్ దాకా రాష్ట్రం తర్వాత రాష్ట్రంగా సాగుతుంది. మార్చిలో ఒక మంగళవారం చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటు వేస్తాయి, దాన్ని సూపర్ ట్యూస్‌డే అంటారు. 2024లో అది మార్చి 5, ఆ రోజు 15 రాష్ట్రాలు ఓటు వేశాయి. ఆ తర్వాతి వారం, మార్చి 12కల్లా ట్రంప్, బైడెన్ ఇద్దరికీ కావలసిన సంఖ్య వచ్చేసింది. ఈ ఆరు నెలల్లో డబ్బు నిండుకున్నవాళ్ళు, జనం పట్టించుకోనివాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతారు. చివర వేసవిలో కన్వెన్షన్ అని పెద్ద సభ పెట్టి, డెలిగేట్లంతా లేచి తమ రాష్ట్రం ఓటు ఎవరికో చెబుతారు. మనం టీవీలో చూసే బెలూన్లు అప్పుడే. ఈ రోజుల్లో ఆ సభ తేల్చడానికి మిగిలేది పెద్దగా ఉండదు, పెళ్ళి అయిపోయాక రిసెప్షన్ లాంటిది.

మొదటి నుంచీ ఇలా లేదు. ఒకప్పుడు కన్వెన్షన్లలో రాష్ట్రాల నాయకులు గదుల్లో కూర్చుని బేరాలు ఆడుకునేవాళ్ళు. 1924లో డెమోక్రాట్లు న్యూయార్క్‌లో సభ పెట్టి, ఎవరికీ చాలినన్ని ఓట్లు రాక 103 సార్లు ఓటింగ్ జరిపారు. అసలు మలుపు 1968. వియత్నాం యుద్ధం మీద జనం రగిలిపోతున్నారు, జూన్‌లో ప్రైమరీల్లో పోటీ చేస్తున్న రాబర్ట్ కెనెడీ హత్య జరిగింది, ఆగస్టులో డెమోక్రాట్ల షికాగో సభలో నాయకులు అప్పటి ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీని అభ్యర్థిని చేశారు. ఆయన ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయలేదు. సభ లోపల ఈ పని జరుగుతుంటే బయట వీధుల్లో పోలీసులు యువకుల్ని కొడుతుంటే దేశమంతా టీవీలో చూసింది. హంఫ్రీ నవంబర్‌లో ఓడిపోయాడు, పార్టీ కమిటీ వేసుకుని నియమాలు మార్చుకుంది, 1972 నుంచి అభ్యర్థిని నిర్ణయించే అధికారం ప్రైమరీ ఓటర్లకు వెళ్ళింది. రిపబ్లికన్లూ అదే దారి పట్టారు. ఆ మార్పు లేకపోతే జార్జియా బయట పెద్దగా ఎవరికీ తెలియని జిమ్మీ కార్టర్ 1976లో అభ్యర్థి అయ్యేవాడు కాదు, 2008లో హిల్లరీ క్లింటన్ లాంటి పెద్ద పేరును దాటుకుని ఒబామా వచ్చేవాడు కాదు. 2016లో ట్రంప్‌నైతే సొంత పార్టీ పెద్దల్లో చాలామంది వద్దన్నారు, ఆపలేకపోయారు.

ఇందులో లోపం లేదని అనను. ప్రైమరీలకు వచ్చి ఓటు వేసేవాళ్ళు తక్కువ, వచ్చేవాళ్ళలో ఆవేశం ఎక్కువ ఉన్నవాళ్ళే ఎక్కువ, అందుకని అభ్యర్థులు వాళ్ళను మెప్పించడానికి ఒక చివరకు జరిగిపోతారు. అయినా సరే, అభ్యర్థి ఎవరన్నది జనం ముందు తేలడం గొప్ప విషయమని నేను గట్టిగా నమ్ముతాను. మన మద్రాసులోనే దానికి దగ్గరి కథ ఒకటుంది. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా రాజాజీ ఉండాలని గాంధీజీ, కాంగ్రెస్ అధిష్ఠానం కోరుకుంటే, ఇక్కడి కాంగ్రెస్ శాసనసభ్యులు ఆ మాట కాదని ఓటు వేసి టంగుటూరి ప్రకాశం పంతులు గారిని ఎన్నుకున్నారు. ఏడాది తిరక్కముందే ఆయన పదవి పోయింది, అది వేరే సంగతి. పైనుంచి వచ్చిన పేరును కింద ఉన్నవాళ్ళు ఓటుతో మార్చిన రోజు మనకీ ఒకటుంది. ఆ తర్వాత మనం ఆ దారిలో నడవలేదు. నాకది బాధగానే ఉంటుంది.

ప్రశ్న (బెసెంట్ నగర్, లెక్చరర్): కమలా హారిస్ తాతగారు మా పేటలోనే ఉండేవారు, ఆమె చిన్నప్పుడు ఇక్కడి బీచిలో ఆయనతో నడిచేదని అందరం చెప్పుకుంటాం. 2024లో ఆమె ఏ ప్రైమరీలోనూ నిలబడకుండానే అభ్యర్థి ఎలా అయ్యారు? అది కూడా అధిష్ఠానం టికెట్ కాదా?

జవాబు: మంచి ప్రశ్న. పై జవాబు చదివితే ఎవరికైనా వచ్చే అనుమానమే.

ప్రైమరీల్లో గెలిచింది బైడెన్, డెలిగేట్లలో దాదాపు అందరూ ఆయనవాళ్ళే. జులై 21న ఆయన తప్పుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆ డెలిగేట్లు ఎవరికీ కట్టుబడి లేరు, తమకు నచ్చినవాళ్ళకు ఓటు వేసుకోవచ్చు. బైడెన్ హారిస్ పేరు చెప్పాడు, పోటీకి రాగలిగినవాళ్ళు ఒక్కొక్కరే ఆమెకే మద్దతన్నారు, రెండు రోజులు తిరక్కముందే మెజారిటీ డెలిగేట్లు ఆమెవైపు వచ్చేశారు. ఆగస్టు మొదటి వారంలో ఆన్‌లైన్‌లోనే ఓటింగ్ పెట్టి ఆమెను అభ్యర్థిగా ఖాయం చేశారు, షికాగో సభ ఆ తర్వాత జరిగింది. నియమం ప్రకారం తప్పేమీ లేదు. కానీ మీరన్నది కాదనలేను, కోటిమందికి పైగా ప్రైమరీ ఓటర్లు బైడెన్‌కి వేసిన ఓటు చివరకు ఇంకొకరికి చేరింది. ఆమె ఓటమికి ఇదొక్కటే కారణమని చెప్పలేం, అయితే ప్రైమరీలో దెబ్బలు తిని, జవాబులు చెప్పి, రాటుదేలే అవకాశం ఆమెకు దొరకలేదు. 107 రోజుల్లో దేశమంతా తిరగాల్సి వచ్చింది. తిరువారూర్ జిల్లా తులసేంద్రపురంలో, వాళ్ళ తాతగారి ఊళ్ళో, గుడిలో పూజలు చేసినవాళ్ళు ఆ నవంబర్‌లో ఎంత నిరాశపడ్డారో మీకు తెలిసే ఉంటుంది.

ఉపాధ్యక్ష అభ్యర్థి సంగతి కూడా కొందరు అడిగారు. దానికి ప్రైమరీ లేదు. అధ్యక్ష అభ్యర్థి తానే ఎంచుకుంటాడు, కన్వెన్షన్ సరే అంటుంది. హారిస్ టిమ్ వాల్జ్‌ను ఎంచుకుంది, ట్రంప్ జె.డి. వాన్స్‌ను ఎంచుకున్నాడు. ఓటరు ఇద్దరికీ కలిపి ఒకే ఓటు వేస్తాడు.

ప్రశ్న (టి.నగర్, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి): 2016లో హిల్లరీ క్లింటన్‌కి ట్రంప్ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, అయినా ఓడిపోయింది. జీవితమంతా లెడ్జర్లు చూసినవాణ్ణి, ఈ లెక్క మాత్రం నాకు టాలీ కావడం లేదు.

జవాబు: మీరు అన్ని బ్రాంచీల లెక్కా ఒక లెడ్జర్లో కూడుతున్నారండీ, అందుకే టాలీ కావడం లేదు. అక్కడ 51 బ్రాంచీలు, 51 లెడ్జర్లు, దేనికది మూసేస్తారు. 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డి.సి. ఒకటి. అమెరికా ప్రెసిడెంట్ ఎన్నిక అనేది ఒకే రోజు జరిగే 51 ఎన్నికలు.

ఒక్కో రాష్ట్రానికి కొన్ని ఎలక్టోరల్ ఓట్లుంటాయి. దిగువ సభలో ఆ రాష్ట్రానికి ఎన్ని సీట్లో అన్ని, వాటికి ఎగువ సభ సెనేట్‌లోని రెండు కలపాలి. దిగువ సభ 435, సెనేట్ 100, డి.సి.కి 1961 సవరణతో వచ్చిన 3, మొత్తం 538. అందులో సగానికి మించి, అంటే 270 వస్తే గెలుపు. 2024లో కాలిఫోర్నియాకు 54, టెక్సాస్‌కు 40, ఫ్లోరిడాకు 30, పెన్సిల్వేనియాకు 19, వయోమింగ్‌కు 3. మెయిన్, నెబ్రాస్కా అనే రెండు రాష్ట్రాలు తప్ప మిగతా అన్నిచోట్లా రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ వాళ్ళవే.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 2016లో క్లింటన్‌కి దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ. ఒక్క కాలిఫోర్నియాలోనే ఆమె ఆధిక్యం 40 లక్షలు దాటింది. ఆ అదనపు ఓట్లు పక్క లెడ్జర్లోకి పోవు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ మూడూ కలిపి దాదాపు 78 వేల ఓట్ల తేడాతో ట్రంప్ గెలిచాడు, ఆ మూడింటి 46 ఎలక్టోరల్ ఓట్లు ఆయనకు పోయాయి. చెన్నైలో ఒక అసెంబ్లీ సీటులో వచ్చే ఓట్లు వేస్తే ఆ తేడా తీరిపోయేది. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు ఓడిపోవడం 1824, 1876, 1888, 2000, 2016 సంవత్సరాల్లో, మొత్తం ఐదుసార్లు జరిగింది. 2024లో ట్రంప్ రెండు లెక్కల్లోనూ గెలిచాడు, ఎలక్టోరల్ ఓట్లు 312, హారిస్‌కు 226. జనం ఓట్లలో తేడా సుమారు 23 లక్షలు.

ఇలా ఎందుకు పెట్టారంటే, 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్ళలో ఏకాభిప్రాయం లేదు. చిన్న రాష్ట్రాలకు పెద్దవాటి భయం. దక్షిణాది రాష్ట్రాలకు ఇంకో లెక్క ఉంది, అక్కడ బానిసలు లక్షల్లో ఉన్నారు, వాళ్ళకు ఓటు లేదు, నేరుగా ఓట్లు లెక్కిస్తే దక్షిణాది వెనకబడుతుంది. సీట్ల లెక్కలో ఐదుగురు బానిసల్ని ముగ్గురు మనుషులుగా కూడాలని రాజీ చేసుకున్నారు, ఎలక్టోరల్ ఓట్లు ఆ సీట్లను బట్టే వస్తాయి కనుక ఆ లాభం ప్రెసిడెంట్ ఎన్నికలోనూ దక్షిణాదికి దక్కింది. ఈ చరిత్ర తెలిశాక ఆ పద్ధతి మీద నాకు గౌరవం తగ్గింది, దాచుకోవడం ఎందుకు.

మన రాష్ట్రపతి ఎన్నికతో పోల్చి చూడండి, బాగా అర్థమవుతుంది. మనకూ ఎలక్టోరల్ కాలేజీయే, ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓటు వేస్తారు. కానీ ఎమ్మెల్యే ఓటు విలువ 1971 జనాభాను బట్టి కట్టారు. 2022 ఎన్నికలో తమిళనాడు ఎమ్మెల్యే ఓటు విలువ 176, ఆంధ్రప్రదేశ్‌ది 159, తెలంగాణది 132, సిక్కింది 7. ఏ రాష్ట్రం జనం బరువు దానికే, చిన్న రాష్ట్రానికి తాయిలం లేదు. అమెరికాలో సెనేట్ తాలూకు రెండు ఓట్లు ప్రతి రాష్ట్రానికీ ఉచితంగా రావడం వల్ల వయోమింగ్‌లో సుమారు 1,92,000 మందికి ఒక ఎలక్టోరల్ ఓటు పడితే, కాలిఫోర్నియాలో 7,32,000 మందికి ఒకటి పడుతుంది. ఇంకో తేడా, అక్కడ పదేళ్ళకోసారి జనాభా లెక్క తీసి ఓట్లు సర్దుతారు. 2020 లెక్కతో కాలిఫోర్నియా 55 నుంచి 54కి తగ్గింది, టెక్సాస్ 38 నుంచి 40కి పెరిగింది. జనాభా పెరిగిన రాష్ట్రానికి సీట్లు పెరిగితే మన గతి ఏమిటని దక్షిణాదిలో మనం పడే బెంగ అక్కడివాళ్ళు పదేళ్ళకోసారి పడుతూనే ఉన్నారు.

ఎలక్టర్లంటే మనుషులే, పార్టీ ముందుగా ఎంపిక చేసుకున్న కార్యకర్తలు, స్థానిక నాయకులు. నవంబర్‌లో జనం వేసే ఓటుతో నిజానికి ఎన్నికయ్యేది వీళ్ళు, డిసెంబర్‌లో ఎవరి రాష్ట్ర రాజధానిలో వాళ్ళు కూడి అసలు ఓటు వేస్తారు. మాట తప్పితే ఎలా అని మీకు అనుమానం రావచ్చు. 2016లో ఏడుగురు తప్పారు, అందుకే ట్రంప్ లెక్క 306 నుంచి 304కి, క్లింటన్ లెక్క 232 నుంచి 227కి తగ్గింది. మాట తప్పిన ఎలక్టర్ మీద రాష్ట్రం చర్య తీసుకోవచ్చని 2020లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఇది చదివినప్పుడల్లా నాకు మన 1969 గుర్తొస్తుంది. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఇండిపెండెంట్‌గా వి.వి. గిరి, ఇద్దరూ తెలుగువాళ్ళే. ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరి గెలిచారు. మన ఎన్నికలో అలా వేయడం చెల్లుతుంది, రాష్ట్రపతి ఎన్నికకు విప్ లేదు.

చిత్రంగా అదే 1969లో అమెరికా దిగువ సభ ఎలక్టోరల్ కాలేజీని రద్దు చేసే సవరణను 338-70 ఓట్లతో పాస్ చేసింది. సెనేట్‌లో మరుసటి ఏడాది అది ఆగిపోయింది. రాజ్యాంగం మార్చాలంటే రెండు సభల్లో మూడింట రెండు వంతులు, ఆపైన 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. లాభపడే రాష్ట్రాలు ఎందుకు ఒప్పుకుంటాయి? మార్చాలనే నా కోరిక, మారుతుందనే నమ్మకం మాత్రం దగ్గర్లో కనిపించడం లేదు.

ప్రశ్న (కోడంబాక్కం, ఫొటోగ్రాఫర్): అక్కడ ఎలక్షన్ కమిషన్ లేదా? ఫలితాలు టీవీ ఛానెళ్ళు ప్రకటించడం ఏమిటి? ఎన్నిక ఎప్పుడూ మంగళవారమే ఎందుకు?

జవాబు: మన ఎలక్షన్ కమిషన్ లాంటిది లేదు. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అని ఒకటుంది, అది ప్రచార డబ్బు లెక్కలు మాత్రమే చూస్తుంది. ఎన్నిక నడిపేది రాష్ట్రాలు, కింద కౌంటీలు. బ్యాలెట్ ఎలా ఉండాలి, పోస్టులో ఓటు ఎప్పటిదాకా తీసుకోవాలి, అన్నీ రాష్ట్రానికో రకం. అధికారిక ఫలితం రావడానికి వారాలు పడుతుంది. అందాకా లెక్కలు కూడి ఎవరు గెలిచారో చెప్పే పని అసోసియేటెడ్ ప్రెస్ లాంటి వార్తా సంస్థలు చేస్తాయి.

అది ఎంత ప్రమాదమో నేను కళ్ళారా చూశాను. 2000 నవంబర్‌లో నేను ఒక దినపత్రిక డెస్కులో ఉన్నాను. నవంబర్ 8 పొద్దున్నే ఫ్లోరిడాలో డెమోక్రాట్ అభ్యర్థి గోర్ గెలిచాడన్నారు, కాసేపటికి కాదన్నారు, మధ్యాహ్నం రిపబ్లికన్ అభ్యర్థి బుష్ గెలిచాడన్నారు, హెడ్డింగ్ రాసి, టీ తాగి వచ్చేసరికి అదీ వెనక్కి తీసుకున్నారు. ఆ రాత్రి ఏ హెడ్డింగ్ పెట్టాలో తెలియక మేం పడ్డ అవస్థ ఇప్పటికీ మరచిపోలేదు. ఆ తర్వాత 34 రోజులకు డిసెంబర్ 12న సుప్రీంకోర్టు రీకౌంటింగ్ ఆపమంది, ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం 537 ఓట్లు. అరవై లక్షల ఓట్లు పోలైన రాష్ట్రంలో 537. దేశం మొత్తం మీద గోర్‌కు అయిదు లక్షలకు పైగా ఎక్కువ వచ్చాయి, ప్రెసిడెంట్ అయింది బుష్.

మంగళవారమే ఎందుకని మీరే చివర్లో అడిగారు. 1845లో చేసిన చట్టం అది, నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం. అప్పుడు అందరూ రైతులు, కోతలు నవంబర్‌కి అయిపోతాయి, ఆదివారం చర్చి, బుధవారం సంత, గుర్రబ్బండి మీద ఊరు చేరడానికి ఒక రోజు. తర్వాతి ఎన్నిక 2028 నవంబర్ 7న. సెలవు మాత్రం దేశమంతటా ఇవ్వరు, కూలికి పోయేవాళ్ళు పని మానుకుని వెళ్ళి క్యూలో నిలబడాలి, అది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

ప్రశ్న (పెరుంగుడి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): మూడో పార్టీ గెలవలేదా? ఇద్దరికీ 269 చొప్పున వస్తే?

జవాబు: 1992లో రాస్ పెరో అనే వ్యాపారి దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు, ఒక్క ఎలక్టోరల్ ఓటు రాలేదు. ఏ రాష్ట్రంలోనూ మొదట రాకపోతే ఎన్ని ఓట్లయినా సున్నాయే. 269-269 వస్తే దిగువ సభ తేలుస్తుంది, అక్కడ రాష్ట్రానికి ఒకే ఓటు, కాలిఫోర్నియాకూ ఒకటే, వయోమింగ్‌కూ ఒకటే. 1824లో ఎవరికీ మెజారిటీ రాక అలాగే సభకు వెళ్ళింది, అన్నిటికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన ఆండ్రూ జాక్సన్‌ను కాదని జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను ఎన్నుకున్నారు.

ప్రశ్న (విల్లివాక్కం, గృహిణి): నమస్కారమండీ. మా అబ్బాయి న్యూజెర్సీలో ఉన్నాడు, గ్రీన్ కార్డు వచ్చింది, కోడలు ఇంకా హెచ్-1బి మీదే ఉంది. మనవడు అక్కడే పుట్టాడు. ఉపాధ్యక్షుడి భార్య ఉషా చిలుకూరి మన తెలుగు అమ్మాయేనని తెలిశాక మా వాడు అక్కడి రాజకీయాల మీద చాలా ఉత్సాహంగా ఉన్నాడు. వాడు ఓటు వేయొచ్చా? మా మనవడు ఎప్పటికైనా ప్రెసిడెంట్ కాగలడా?

జవాబు: అమ్మా, ముందు మనవడి సంగతి చెబుతాను. పుట్టుకతో పౌరుడై ఉండాలి, 35 ఏళ్ళు నిండాలి, 14 ఏళ్ళు ఆ దేశంలో నివసించి ఉండాలి. రాజ్యాంగం అడిగే అర్హతలు ఈ మూడే. కమలా హారిస్ 1964లో ఓక్లండ్‌లో పుట్టినప్పుడు వాళ్ళ అమ్మానాన్నలిద్దరూ విదేశీయులే. ఆస్ట్రియాలో పుట్టిన ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ కాలిఫోర్నియా గవర్నర్ కాగలిగాడు కానీ ప్రెసిడెంట్ పదవికి పోటీ చేయలేడు. మీ అబ్బాయి రేపు పౌరసత్వం తీసుకున్నా ఆ పదవి ఆయనకు లేదు, మనవడికి దారి ఉంది.

మీ అబ్బాయి ప్రచారంలో సాయం చేయొచ్చు, గ్రీన్ కార్డు ఉంది కాబట్టి అభ్యర్థికి చందా కూడా ఇవ్వొచ్చు, 2024లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ప్రైమరీకి 3,300 డాలర్లు, అసలు ఎన్నికకు ఇంకో 3,300 దాకా ఇవ్వడానికి వీలుండేది. కోడలు హెచ్-1బి మీద ఉంది కనుక ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. మీ అబ్బాయి తన కార్డు నుంచే ఇవ్వాలి, ఆమె డబ్బు అందులో కలపకూడదు.

ఓటు మాత్రం పౌరసత్వం వచ్చేదాకా వేయకూడదు. ఇది గట్టిగా చెప్పండమ్మా. అక్కడ డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులోనే ఓటరుగా నమోదు చేసుకుంటారా అని అడుగుతారు, 1993 నుంచి అలా చట్టం ఉంది. కౌంటర్ దగ్గర తొందరలో సరే అని పౌరుడినని రాసి ఉన్నచోట టిక్కు పెట్టి సంతకం చేస్తే, తెలియక చేశానని తర్వాత చెప్పినా తప్పించుకోవడం కష్టం. పౌరుడు కానివాడు ప్రెసిడెంట్ ఎన్నికలో ఓటు వేయడం నేరం, తప్పుగా పౌరుడినని చెప్పుకుంటే గ్రీన్ కార్డు పోయి దేశం నుంచి పంపేసే దాకా వెళ్ళొచ్చు. ఇప్పటికే అలాంటి ఫారం మీద సంతకం పెట్టి ఉంటే ఓటు వేయకుండా ఆగి, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టకముందే అక్కడి ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవమనండి. ఈ ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడే అడగండి, లైసెన్స్ తీసుకున్న రోజు ఏ ఫారాల మీద సంతకం పెట్టాడో.